పదవి ఒక అమానతు – డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం నేర్పే పాఠం

సర్వోన్నతుడైన అల్లాహ్ మనిషికి ఇచ్చే ప్రతి అనుగ్రహమూ ఒక పరీక్షే. సంపద ఒక పరీక్ష, ఆరోగ్యం ఒక పరీక్ష, సంతానం ఒక పరీక్ష. వీటన్నిటికన్నా కఠినమైన పరీక్ష పదవి. ఎందుకంటే సంపన్నుడు తన సొమ్ముకు మాత్రమే లెక్క చెప్పాలి. పదవిలో ఉన్నవాడు ఇతరుల హక్కులకు కూడా లెక్క చెప్పాలి. అమానతులను వాటి హక్కుదారులకు చేర్చమని దివ్యఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 58వ ఆయతు మనల్ని ఆదేశిస్తోంది. ఆ అమానతులలో అధికారం కూడా ఒకటని ధర్మవేత్తలు వివరించారు.

మన దేశంలో అత్యున్నత పదవి రాష్ట్రపతి పదవి. ఉర్దూలో సదర్-ఎ-జమ్హూరియా అంటాము. ఆ పదవిని చేపట్టిన తొలి ముస్లిం డాక్టర్ జాకిర్ హుస్సేన్. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. జనగామలోనైనా, మహబూబాబాద్‌లోనైనా, భూపాలపల్లిలోనైనా ఆయన మాట వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది: మనవాడొకడు అంత పెద్ద పదవిలో కూర్చున్నాడు కదా, మరి మనకేం చేశాడు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండు విషయాలు తెలియాలి. ఒకటి, ఆ మనిషి ఎలాంటివాడు? రెండు, ఆ పదవి చేతిలో ఏముంది, ఏం లేదు? ఇవి తెలిస్తే ప్రశ్న అడగవలసిన తీరే మారిపోతుంది.

బాల్యం, విద్య

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. వారిది అఫ్రీదీ పఠాన్ వంశం. స్వస్థలం ఉత్తరప్రదేశ్‌లోని ఫరూఖాబాద్ జిల్లా కాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ న్యాయవాద వృత్తి కోసం దక్కనుకు వచ్చి స్థిరపడ్డారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకిర్ మూడవవారు.

పదేళ్ళ వయసులో, 1907లో తండ్రి మరణించారు. కుటుంబం కాయంగంజ్‌కు తిరిగి వెళ్ళింది. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే తల్లిదండ్రులిద్దరూ లేని యతీం అయ్యారు. అనాథగా పెరిగిన మన ప్రవక్త ముహమ్మద్ (స) ఉమ్మత్‌కు యతీంల పట్ల ఎంతటి బాధ్యత ఉందో మనకు తెలియనిది కాదు. జాకిర్ ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చదివి, తర్వాత అలీగఢ్ కళాశాలలో చేరారు. తెలివైన విద్యార్థిగా, మంచి వక్తగా పేరు తెచ్చుకున్నారు. ఆ దారిలోనే సాగి ఉంటే ఆంగ్ల ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం తప్పక దొరికేది.

1920లో ఖిలాఫత్ ఉద్యమం, సహాయ నిరాకరణ ఉద్యమం దేశాన్ని కదిలించాయి. గాంధీజీ, మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ అలీగఢ్‌కు వచ్చి ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాలయాన్ని వదలి రమ్మని యువకులకు పిలుపునిచ్చారు. ఆ పిలుపు విని బయటకు వచ్చిన వారిలో జాకిర్ హుస్సేన్ ఒకరు. 1920 అక్టోబరు 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా ఏర్పడింది. షేఖుల్ హింద్ మౌలానా మహమూదుల్ హసన్ దేవ్‌బందీ (రహ్మతుల్లాహి అలైహి) తీవ్ర అనారోగ్యంతో ఉండి కూడా దాని ప్రారంభ సభకు విచ్చేశారు. దేవ్‌బంద్ ఉలమా, అలీగఢ్ యువకులు ఒకే పని కోసం చేతులు కలిపిన ఘట్టమది.

ఇరవై ఏళ్ళ సేవ

1922లో జాకిర్ హుస్సేన్ ఉన్నత విద్య కోసం జర్మనీకి వెళ్ళారు. 1926లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి ఆర్థిక శాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఈలోగా ఇక్కడ జామియా పరిస్థితి దిగజారింది. 1924లో తుర్కీలో ఖిలాఫత్ రద్దయింది. ఖిలాఫత్ కమిటీ నుండి వచ్చే ధనం ఆగిపోయింది. సంస్థను మూసివేయాలన్న ఆలోచన కూడా సాగింది. తాను, తన మిత్రులు సేవకు సిద్ధంగా ఉన్నామనీ, తాము వచ్చేవరకు మూయవద్దనీ జాకిర్ హుస్సేన్ జర్మనీ నుండి కబురు పంపారు. హకీం అజ్మల్ ఖాన్ ప్రయత్నంతో 1925లో జామియా ఢిల్లీకి మారింది.

1926లో ఆయన డాక్టర్ ఆబిద్ హుస్సేన్, ప్రొఫెసర్ ముహమ్మద్ ముజీబ్‌లతో కలసి తిరిగి వచ్చారు. 29 ఏళ్ళ వయసులో షేఖుల్ జామియా, అంటే వైస్ చాన్సలర్ బాధ్యత చేపట్టారు. 1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ కన్నుమూయడంతో సంస్థకు పెద్ద దిక్కు పోయింది. అప్పుడు జాకిర్ హుస్సేన్, ఆయన సహచరులు కొందరు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్ళపాటు జామియాను విడువకుండా సేవ చేస్తాము, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోము అన్నది ఆ ప్రతిజ్ఞ సారాంశం. చేతికి అందింది చాలాసార్లు అంతకన్నా ఎంతో తక్కువ. బెర్లిన్ డాక్టరేటు ఉన్న మనిషికి ఆ రోజుల్లో బయట ఎంతటి జీతమైనా దొరికేది. మాట ఇచ్చారు కాబట్టి కట్టుబడి ఉన్నారు. 1948 వరకు, అంటే ప్రతిజ్ఞ చేసిన గడువు నిండేవరకు జామియాలోనే ఉన్నారు.

పిల్లల చదువంటే ఆయనకు ప్రాణం. 1935లో ఓఖ్లాలో జామియా కొత్త భవనానికి పునాదిరాయి వేయించినప్పుడు నాయకులనెవరినీ పిలవలేదు. జామియాలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత వేయించారు. ప్లేటో వ్రాసిన రాజ్యపాలన గ్రంథాన్ని ఆయన ఉర్దూలోకి అనువదించారు. పాలించడానికి ఎవరు అర్హులు అన్నది ఆ గ్రంథంలోని ముఖ్య చర్చ. ఈ ప్రశ్న ఆయన మనసులో ఎంతో ముందు నుండే ఉండేదన్నమాట. 1937లో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ తర్వాత, చేతిపనితో కూడిన ప్రాథమిక విద్యకు ప్రణాళిక తయారు చేసిన సంఘానికి ఆయనే అధ్యక్షత వహించారు.

విభజన రోజులు

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశమంతా మతకలహాలతో మండుతున్న కాలమది. ఒకరి ముఖం ఒకరు చూడడానికి ఇష్టపడని జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా అబుల్ కలాం ఆజాద్, ముహమ్మద్ అలీ జిన్నాలను జాకిర్ హుస్సేన్ ఒకే వేదిక మీదకు తెచ్చారు. ఈ ద్వేషాగ్నిని ఆర్పమని వారిని వేడుకున్నారు. ఆయన చేతిలో ఏ అధికారమూ లేదు. ఉన్నది ఒక ఉపాధ్యాయుని గౌరవం మాత్రమే. హితవు చెప్పవలసిన వేళ మౌనంగా ఉండకపోవడమే ఆయన చేసిన పని. ఈ విషయాన్ని గుర్తు పెట్టుకోవాలి, ముందు దీని అవసరం ఉంది.

1947 ఆగస్టులో కాశ్మీరుకు వెళుతుండగా జాలంధర్ రైల్వే స్టేషనులో అల్లరి మూకలు ఆయనను చంపబోయాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. ప్రాణం తీయబోయిన చేతులను చూసిన వ్యక్తి, ప్రాణం నిలిపిన చేతులను కూడా చూశారు. ఆ తర్వాతి జీవితంలో ఆయన మనసులో పగ కనిపించదు. 1948 నుండి 1956 వరకు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉండి, విభజన గాయాలతో భవిష్యత్తే సందేహంలో పడిన ఆ సంస్థను నిలబెట్టారు.

పదవులు వచ్చిన తీరు

1952లో రాజ్యసభ సభ్యునిగా నియమితులయ్యారు. 1957 నుండి 1962 వరకు బీహార్ గవర్నరు. 1962 నుండి 1967 వరకు ఉపరాష్ట్రపతి. ఆ హోదాలోనే రాజ్యసభకు అధ్యక్షత వహించారు. 1963లో భారతరత్న పురస్కారం లభించింది.

1967 రాష్ట్రపతి ఎన్నిక మన తెలుగువారికి ప్రత్యేకంగా గుర్తుండవలసింది. అప్పటి రాష్ట్రపతి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. కొత్త ఎన్నికలో జాకిర్ హుస్సేన్‌కు ప్రధాన ప్రత్యర్థి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి పోటీకి దిగిన కోకా సుబ్బారావు. ఆయన రాజమండ్రి వాసి. అంటే ఒకరు హైదరాబాదులో పుట్టినవారు, మరొకరు గోదావరి తీరం వారు. 1967 మే 6న పోలింగు జరిగింది. పార్లమెంటు సభ్యులు, రాష్ట్రాల శాసనసభ్యులు వేసిన ఓట్ల విలువలో జాకిర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. మే 13న జాకిర్ హుస్సేన్ మూడవ రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు.

నెలకు 150 రూపాయలు మించి తీసుకోనని ప్రతిజ్ఞ చేసిన మనిషి, 340 గదుల రాష్ట్రపతి భవన్‌లోకి వచ్చారు. రాజ్యాంగం ఆనాడు ఆ పదవికి నిర్ణయించిన వేతనం నెలకు 10,000 రూపాయలు. ఆ వైభవం నడుమ ఆయన మనసు పెట్టుకున్నది గులాబీ మొక్కల మీద, పుస్తకాల మీద, అందమైన చేతివ్రాత నమూనాల మీద.

రాష్ట్రపతి బాధ్యతలు ఏమిటి?

ఇప్పుడు రెండవ విషయానికి వద్దాం. రాజ్యాంగం ప్రకారం దేశ కార్యనిర్వాహక అధికారమంతా రాష్ట్రపతిలో ఉంటుంది. ప్రభుత్వ ఉత్తర్వులన్నీ ఆయన పేరు మీద వెలువడతాయి. త్రివిధ దళాలకు ఆయన సర్వసేనాధిపతి. ప్రధానమంత్రిని, మంత్రులను, గవర్నర్లను, సుప్రీంకోర్టు, హైకోర్టు న్యాయమూర్తులను నియమించేది ఆయనే. పార్లమెంటు ఆమోదించిన బిల్లు ఆయన సంతకం లేనిదే చట్టం కాదు. ద్రవ్య బిల్లు కాకపోతే మరోసారి ఆలోచించమని దాన్ని తిప్పి పంపవచ్చు. పార్లమెంటు సమావేశంలో లేనప్పుడు ఆర్డినెన్సు జారీ చేయవచ్చు. ఉరిశిక్ష పడినవానికి క్షమాభిక్ష ఇవ్వవచ్చు.

ఇది వింటే రాష్ట్రపతిని మించిన రాజు లేడనిపిస్తుంది. అసలు సంగతి వేరు. ఈ అధికారాలను ఆయన ప్రధానమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి సలహా మేరకే వినియోగించాలి. ఎందుకంటే ప్రజలు ఎన్నుకున్న లోక్‌సభకు జవాబు చెప్పేది మంత్రిమండలి. రాష్ట్రపతి తన ఇష్టప్రకారం పాలించడం మొదలుపెడితే, ప్రజలు ఎన్నుకున్న సభకు విలువ ఉండదు. జాకిర్ హుస్సేన్ కాలంలో మంత్రిమండలి సహాయమూ సలహా ఇస్తుందని మాత్రమే రాజ్యాంగంలో వ్రాసి ఉండేది. ఆ సలహాకు రాష్ట్రపతి కట్టుబడాలన్న మాట 1976లో 42వ సవరణ ద్వారా స్పష్టంగా చేరింది. అయినా మొదటి రాష్ట్రపతుల కాలం నుండే అది ఆనవాయితీగా సాగింది.

ఈ వ్యవహారం ఢిల్లీకే పరిమితమని అనుకోవద్దు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారానే మన ప్రాంతంలో షెడ్యూల్డు ప్రాంతాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గూడూరు వైపు ఏజెన్సీ గ్రామాలలో గిరిజనుల భూమికి ప్రత్యేక రక్షణ ఉండడానికి మూలం అదే. 371-డి అధికరణం కింద 2018లో రాష్ట్రపతి ఇచ్చిన ఉత్తర్వు తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికులెవరో నిర్ణయించింది. ఆ ఉత్తర్వు ప్రకారం జనగామ యాదాద్రి జోన్‌లోకి, మహబూబాబాద్ భద్రాద్రి జోన్‌లోకి, జయశంకర్ భూపాలపల్లి కాళేశ్వరం జోన్‌లోకి వచ్చాయి. 2016 అక్టోబరులో ఒకే రోజు ఏర్పడిన మూడు జిల్లాల యువకులు మూడు జోన్లకు చెందినవారయ్యారు. మన ఇంటి పిల్లవాడు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు నింపే జిల్లా, జోన్ గడుల వెనుక రాష్ట్రపతి సంతకం ఉంది. ఆ సంతకం వెనుక మంత్రిమండలి నిర్ణయం ఉంది.

ఆయన పదవీకాలం

జాకిర్ హుస్సేన్ పదవీకాలం ప్రశాంతంగా సాగలేదు. 1967 ఎన్నికల తర్వాత చాలా రాష్ట్రాలలో ప్రభుత్వాలు నిలకడ లేక కూలిపోయాయి. శాసనసభ్యులు పార్టీలు మారడం ఆటగా మారిపోయింది. 1967 నవంబరులో హర్యానాలో, 1968లో పశ్చిమ బెంగాల్, ఉత్తరప్రదేశ్, బీహార్, పంజాబ్‌లలో రాష్ట్రపతి పాలన విధించవలసి వచ్చింది. పేరు రాష్ట్రపతి పాలన అయినా, నిర్ణయం కేంద్ర మంత్రిమండలిదే. దానికి రెండు నెలల లోపు పార్లమెంటు ఆమోదం కావాలి. జాకిర్ హుస్సేన్ ఆ పరిధిలోనే నడిచారు. ఈ సందును తన పలుకుబడి పెంచుకోవడానికి వాడుకోలేదు. ఆ రాష్ట్రాలలో మళ్ళీ ఎన్నికలు జరిగి ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాలు వచ్చాయి.

ఇక మొదటి ప్రశ్న. ఆయన మనకేం చేశారు? నిజం చెప్పాలంటే, ముస్లింల కోసం ప్రత్యేకంగా ఏదైనా ఇచ్చే అధికారం ఆ పదవికి లేదు. ఆయన చేసిన ప్రమాణం రాజ్యాంగాన్ని కాపాడతానని, ప్రజలందరి సేవకు అంకితమవుతానని. ఒడంబడికలను నెరవేర్చమని విశ్వాసులకు అల్మాయిదా సూరా మొదటి ఆయతులోనే ఆదేశం ఉంది. ప్రజలందరి ముందు ప్రమాణం చేసి, తర్వాత తనవారికి ఒక కొలత, పరాయివారికి ఒక కొలత పెట్టేవాడు మాట తప్పినవాడవుతాడు. తన వర్గానికి మేలు చేశాననుకుంటాడు గాని, తన వర్గానికి మాట తప్పేవారన్న పేరు తెస్తాడు. జాకిర్ హుస్సేన్ మనకు చేసిన మేలు, ఒక ముస్లిం చేతిలో దేశపు అమానతు భద్రంగా ఉంటుందని చూపడం.

అయితే పరిధిలో ఉండడమంటే నోరు మూసుకొని ఉండడం కాదు. అడిగి తెలుసుకోవడం, హితవు చెప్పడం, ప్రమాదం కనిపిస్తే హెచ్చరించడం కూడా ఆ పదవి బాధ్యతలే. జామియా రజతోత్సవం నాటి మాట గుర్తు పెట్టుకొమ్మన్నది ఇందుకే. హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించేటప్పుడు వారి ఆస్తిని లెక్క వ్రాయించేవారని చరిత్రకారులు చెబుతారు. తనను సభలో నిలదీసిన సామాన్యుని మాట కూడా ఆయన వినేవారు. పాలకునికి సలహా ఇచ్చేవారు, పాలకుణ్ణి అడిగేవారు ఉన్నప్పుడే అమానతు నిలుస్తుంది.

ఒక సంతకం విలువ

రాష్ట్రపతి సంతకం నామమాత్రమే కదా అనేవారు 1975 సంగతి గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది జూన్ 25 రాత్రి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. అప్పటికి మంత్రిమండలి సమావేశమే కాలేదు. ప్రధానమంత్రి సలహా మాత్రమే ఉంది. మంత్రిమండలి ఆమోదం మరునాటి ఉదయం వచ్చింది. ఆ ఒక్క సంతకంతో దేశం ఇరవై ఒక్క నెలలు అత్యవసర పరిస్థితిలో గడిపింది. ఎందరో నాయకులు జైళ్ళ పాలయ్యారు, పత్రికల మీద ఆంక్షలు వచ్చాయి. ఎవరి నియ్యత్తు ఏమిటో అల్లాహ్‌కే తెలుసు, దాని మీద తీర్పు చెప్పడం మన పని కాదు. కాని పాఠం మాత్రం దేశం నేర్చుకుంది. 1978లో 44వ సవరణ చేసి, మంత్రిమండలి లిఖితపూర్వక నిర్ణయం లేనిదే అత్యవసర పరిస్థితి ప్రకటించరాదని నియమం పెట్టారు. మంత్రిమండలి సలహాను ఒకసారి పునరాలోచన కోసం తిప్పి పంపే అధికారాన్ని కూడా రాష్ట్రపతికి ఇచ్చారు. రెండోసారి అదే సలహా వస్తే పాటించాలి.

అంటే రాజ్యాంగం ఆయనకు ఇచ్చింది ఒక్క ఘడియ ఆగి ఆలోచించే హక్కు. చిన్నదిగా కనిపించే ఆ హక్కే ఒక్కొక్కప్పుడు దేశాన్ని కాపాడుతుంది.

తుది ప్రయాణం

1969 మే 3న రాష్ట్రపతి భవన్‌లో జాకిర్ హుస్సేన్ గుండెపోటుతో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పదవిలో ఉండగా మరణించిన తొలి రాష్ట్రపతి ఆయనే. రెండేళ్ళు కూడా నిండలేదు. ఆయనను తాను ఇరవై రెండేళ్ళు ధారపోసిన జామియా ఆవరణలోనే ఖననం చేశారు. రాష్ట్రపతి భవన్ వేరొకరిదయింది, ఆయనకు మిగిలింది జామియా మట్టి.

ఆయన తర్వాత తెలుగువారైన ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఎన్నికలో పోటీ చేయడానికి జూలైలో ఆయనా రాజీనామా చేశారు. రెండు పదవులూ ఖాళీ అయితే ఎవరు బాధ్యత వహించాలో తెలిపే చట్టాన్ని పార్లమెంటు అదే ఏడాది మే నెలలో చేసింది. ఆ ప్రకారం ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ముహమ్మద్ హిదాయతుల్లా 1969 జూలై 20 నుండి ఆగస్టు 24 వరకు రాష్ట్రపతి బాధ్యతలు నిర్వహించారు. మనిషి పోతాడు, బాధ్యత ఆగదు. పదవి ఎవరి సొంతమూ కాదనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

మన ఊరి సదర్లకు ఒక మాట

సోదరులారా! ఇది ఢిల్లీ కథ అని పక్కన పెట్టకండి. సదర్ అన్న మాట మన ప్రతి మసీదులోనూ వినబడుతుంది. మసీదు కమిటీ సదర్, మదరసా సదర్, ఖబరస్తాన్ కమిటీ సదర్. ఆ పదవి కోసం ఎన్ని చోట్ల తగాదాలు జరిగాయో, ఎన్ని జమాతులు రెండుగా చీలాయో మనకు తెలుసు. పదవిని కోరి తెచ్చుకోవద్దని, కోరకుండా వస్తే అల్లాహ్ సహాయం తోడుంటుందని ప్రవక్త మహనీయులు (స) బోధించారు. మనలో ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరినీ తన మంద గురించి ప్రశ్నించడం జరుగుతుందని కూడా వారు హెచ్చరించారు. కాబట్టి బాధ్యతలో ఉన్నవారు నాలుగు విషయాలు మరువకూడదు.

1. నిర్ణయం కమిటీ మషూరాతోనే జరగాలి. సదర్ సాబ్ సంతకం కమిటీ మాటకు ముద్ర మాత్రమే, ఆయన సొంత ఇష్టానికి కాదు.

2. చదవకుండా, అడగకుండా ఏ కాగితం మీదా సంతకం చేయకూడదు. దుకాణాల కిరాయి ఒప్పందమైనా, వక్ఫ్ స్థలం కాగితమైనా, ఒక్క సంతకంతో ముందు తరాల హక్కు పోతుంది.

3. చందా, కిరాయి, జకాత్ లెక్కలు జమాతు ముందు పెట్టాలి. ఏ డబ్బు ఏ పద్దుకు వచ్చిందో ఆ పద్దుకే ఖర్చు కావాలి. ఇమాం సాబ్ జీతం వాయిదా పడే చోట సదర్ హోదాకు గౌరవం ఉండదు.

4. తప్పు జరుగుతుంటే మెత్తగా, కాని స్పష్టంగా చెప్పాలి. వినకపోతే మళ్ళీ ఆలోచించమని అడగాలి. తగాదా మాత్రం పెంచకూడదు.

జాకిర్ హుస్సేన్ ఇరవై రెండేళ్ళు ఒక చిన్న విద్యాలయాన్ని తక్కువ జీతంతో, ఇచ్చిన మాట తప్పకుండా నడిపారు. చిన్న అమానతును కాపాడినవారి చేతికే పెద్ద అమానతు వచ్చింది. మనం అడగవలసిన ప్రశ్న మనవాడు ఢిల్లీలో మనకేం చేశాడన్నది కాదు. మన చేతిలో ఉన్న అమానతుకు మనం ఏం చేస్తున్నామన్నది. రేపు ప్రళయదినాన అడిగేది దీని గురించే.

అల్లాహ్ మర్హూమ్‌ను మన్నించుగాక! మనకు అప్పగించిన ప్రతి చిన్నా పెద్దా అమానతును నిజాయితీతో నెరవేర్చే సద్బుద్ధిని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.